పంటు మీద సర్వనామాలు

సాయంత్రం నాలుగున్నర పంటు ఎక్కి
సఖినేటిపల్లి నుంచి నరసాపురం వస్తాను,
సంచిలో ఎర్ర సిరా పెన్ను, నాలుగు అరటికాయ బజ్జీలు,
ఎనిమిదో తరగతి గ్రామరు పుస్తకం.
లేసు గోడౌను వెనక గదిలో పదకొండు మంది ఆడవాళ్లు
దారపు ఉండలు ఒళ్లో పెట్టుకునే పాఠం వింటారు.
చేతులు ఆపమంటే ఆపరు.
"చెవులు ఖాళీయేనండి, చెప్పండి."

మొదటి రోజు సుళువే అనుకున్నాను.
దగ్గరున్నది దిస్, దూరాన ఉన్నది దట్,
ఒకటి దాటితే దీజ్, దోజ్.
ఇది, అది, ఇవి, అవి, అంతే కదా అన్నాను.
వీరవేణి సూది ఆపకుండానే అడిగింది:
"పంటు ఎక్కేటప్పుడు ఈ గట్టు ఇది.
ఏటి మధ్యకెళ్లాక ఏ గట్టు దిస్సండీ, ఏది దట్టు?"
ముప్పై ఏళ్లుగా దాటుతున్న వశిష్ట
నన్నెప్పుడూ ఆ ప్రశ్న అడగలేదు.
"ఎటు దిగాలో అది దిస్" అన్నాను.
అది జవాబు కాదని ఇద్దరికీ తెలిసింది.

మర్నాడు వాక్యాలు రాయమంటే
దీవెనమ్మ తన కూతురి గురించి రాసింది.
"ఇట్ ఈజ్ గుడ్ గర్ల్."
ఇట్ కింద గీత గీశాను.
గొడ్డుకీ గిన్నెకీ ఇట్, మనిషికి షి.
"మరి మా ఇంట్లో నన్ను
అది వండిందా, అదెక్కడ చచ్చింది అంటారు.
ఆ అదికి ఏ మాట వెయ్యాలండీ?"
గదిలో సూదులన్నీ ఒక్క కుట్టుసేపు ఆగాయి.
షి అని రాయించాను.
పదిసార్లు రాసింది,
పదోది కాగితం చిరిగేలా ఒత్తి.

మేమూ మనమూ రెండూ వుయ్యే అంటే
ఎవరూ ఒప్పుకోలేదు.
"మనం భోంచేద్దాం అంటే
విస్తరి నాకూ వేసినట్టు.
మేం భోంచేస్తాం అంటే
నేను లేచి ఇంటికెళ్లాలి.
ఆ మాత్రం చెప్పదా ఆ భాష?" అంది గంగాభవాని.
పుస్తకం తిరగేశాను.
విస్తళ్ల సంగతి ఎక్కడా లేదు.

ఇక ఐ.
తెలుగులో నేను అనక్కర్లేదు,
చేశాను అంటే తోకలో అణిగి ఉంటుంది.
అక్కడలా కుదరదు, ముందుకొచ్చి నిలబడాలి,
వాక్యం మధ్యలో ఇరుక్కున్నా పెద్దక్షరమే.
బోర్డు మీద నిలువుగీత గీస్తే
"లేసు సూదేనండి, కొక్కెం లేదంతే" అంది వీరవేణి.

మొన్న గురువారం సరుకు కొనేవాళ్లొచ్చారు,
ఒక తెల్లావిడ, ఆవిడ వెనక కెమెరా.
షావుకారు సూర్రాజు గారు బల్లగుడ్డ విప్పి
"వుయ్ మేడ్ దిస్" అన్నారు.
నా పదకొండు మందీ గోడవార చాప మీదున్నారు.
మేమా, మనమా?
గంగాభవాని నా మొహంకేసి చూసింది.
నేను కిటికీకేసి చూశాను.

వీరవేణి లేచింది.
ఒళ్లోని ఉండ దొర్లి
తెల్లావిడ చెప్పుల దాకా పోయింది.
"ఐ" అంది.
గొంతు సవరించుకుంది.
"ఐ మేడ్ దట్."

అలవాటు చొప్పున నా వేళ్లు ఎర్ర పెన్ను వెతికాయి.
తన పనే కదా, దిస్ అనాలి.
అప్పుడు చూశాను,
నాలుగు నెలలు తన మోకాళ్ల మీద పెరిగిన గుడ్డ
అప్పటికే పరాయి చేతుల్లో మడతపడుతోంది.
తప్పెక్కడుంది?

తెల్లావిడ ఏదో అడగబోయింది.
సూర్రాజు గారు నవ్వేసి టీ చెప్పారు.
పీసు కూలి అలాగే ఉంది.
ఉండకంటిన దుమ్ము దులిపి
దీవెనమ్మ దారం చుట్టిపెట్టింది.

తిరుగు పంటులో చీకటి.
నరసాపురం దీపాలు దోజ్ అనుకున్నాను,
ఇటు తిరిగితే మా ఊరివీ ఇంకా దోజే.
ఇసుక మేట దగ్గర ఇంజను నెమ్మదించింది.
పక్కన మోటారు సైకిలు మీద ఒకతను
ఫోనులో అడుగుతున్నాడు:
"అదింకా పడుకోలేదా?"
కూతురో, పెళ్లామో, ఈనబోయే గేదో.
గొంతు మాత్రం మెత్తగా ఉంది.
పెన్ను మూత బిగించి సంచిలో వేశాను.